రెండోది ఉంది కదా!

భార్యాభర్తలు జాయింటు ఖాతా తెరవడానికి వస్తే మా బ్యాంకు వాళ్ళం అడిగే మొదటి ప్రశ్న ఒకటుంది: "ఐదర్ ఆర్ సర్వైవర్ అని రాయమంటారా అండీ?" ఇద్దరిలో ఎవరు వచ్చి సంతకం పెట్టినా డబ్బిస్తాం, దురదృష్టవశాత్తూ ఒకరు లేకపోతే మిగిలినవారు ఖాతా నడుపుకోవచ్చు అని దాని అర్థం. చాలామంది నవ్వేసి "అలాగే రాయండి" అంటారు. ఆ మాటలోని గట్టిదనం అవసరం వచ్చినప్పుడే తెలుస్తుంది.

కంప్యూటర్లకు కూడా ఇటువంటి జాయింటు ఖాతా ఉందని నాకు ఉద్యోగంలో చేరిన పదేళ్ళకు గానీ తెలియలేదు. నేను బీకాం చదివినవాణ్ణి. డెబిట్టు, క్రెడిట్టు తప్ప యంత్రాల గొడవ నాకు పట్టదు. అయినా జార్జి టౌన్‌లో 2002 డిసెంబరులో గడిచిన ఒక రోజు ఈ విషయాన్ని నా చెవి మెలిపెట్టి నేర్పింది. మన పిల్లల్లో సగం మంది ఇప్పుడు కంప్యూటర్ల ఉద్యోగాల్లోనే ఉన్నారు. వాళ్ళకిది తెలిసిన సంగతే కావచ్చు. వాళ్ళు ఏం పని చేస్తున్నారో తెలియక తికమకపడే తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను.

రాముడు, లక్ష్మణుడు

1984లోనూ 1989లోనూ డాక్టర్ సి. రంగరాజన్ గారి కమిటీలు ఇచ్చిన నివేదికలతో మన బ్యాంకుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. తరవాత 1997 నుంచి 2003 దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు గవర్నరుగా ఉన్నది ఈయనే. అన్ని బ్రాంచీలనూ ఒకచోట కలిపే కోర్ బ్యాంకింగు రాకముందు ఏ బ్రాంచి లెక్కలు ఆ బ్రాంచిలోని కంప్యూటర్లోనే ఉండేవి. ఆ ఒక్కటీ ఆగితే బ్రాంచి మొత్తం చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందే.

అందుకని రద్దీగా ఉండే బ్రాంచీల్లో రెండు సర్వర్లు పెట్టేవారు. ఒకటి పని చేస్తుంటే రెండోది పక్కన కూర్చుని ప్రతి ఎంట్రీనీ తన దగ్గర కూడా రాసుకుంటూ ఉంటుంది. రెంటి మధ్యా ఒక కేబుల్ ఉంటుంది. దానిమీదుగా ఒకదానికొకటి క్షణక్షణానికీ "ఉన్నాను, ఉన్నాను" అని చెప్పుకుంటాయి. దానికి పెట్టిన పేరు హార్ట్‌బీట్, గుండె చప్పుడు. చప్పుడు కొంతసేపు వినబడకపోతే రెండోది "అన్న పోయాడు" అనుకుని పని అందుకుంటుంది. కౌంటరు దగ్గర మనిషికి తెర ఓ అరనిమిషం ఆగినట్టుంటుంది, అంతే. ఇలా జతగా కట్టిన యంత్రాలను క్లస్టర్ అనీ, అందులో ఒక్కొక్కదాన్ని నోడ్ అనీ అంటారు.

మా బ్రాంచిలో వాటికి రాముడు, లక్ష్మణుడు అని మావాళ్ళే పేర్లు పెట్టుకున్నారు. మేడమెట్ల కింద చిన్న గది వాళ్ళ అయోధ్య. చలికోసం ఏసీ పెట్టారు. చల్లగా ఉంది కదా అని స్టేషనరీ కట్టలు కూడా అందులోనే పెట్టాం. డిసెంబరు గనక కొత్త సంవత్సరం క్యాలెండర్ల కట్టలు వచ్చి రాముడి ముందు నిలువెత్తున పేర్చి ఉన్నాయి.

ఆ పెట్టెకు కరెంటిచ్చే పవర్ సప్లైలు కూడా రెండు. ఒకటి పోయినా రెండోది నడిపిస్తుంది. మొదటిది ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. ఎర్రదీపం వెలుగుతూనే ఉంది గానీ, క్యాలెండర్ల వెనక ఎవరు చూస్తారు? పని ఆగలేదు కనక ఎవరూ అడగలేదు. ఒకరోజు ఉదయం 10.15కి రెండోది కూడా పోయింది. రాముడు కూలిపోయాడు.

లక్ష్మణుడు వెంటనే అందుకున్నాడు. కౌంటర్లలో ఎవరికీ ఏమీ తెలియలేదు. అంతవరకూ కథ బాగానే ఉంది.

నేను చేసిన తప్పు

పదకొండు దాటాక ఇంజనీరు కుర్రవాడు వచ్చాడు. క్యాలెండర్లు పక్కకు జరిపించి, రాముణ్ణి బయటికి లాగి, పవర్ సప్లైలు మార్చాడు. "సార్, ఇప్పుడే ఆన్ చేయమంటారా, సాయంత్రం కౌంటరు మూశాక చేద్దామా?" అని అడిగాడు.

చెన్నపట్నంలో డిసెంబరంటే కచేరీల కాలం. నా జేబులో ఆ సాయంత్రానికి టికెట్టుంది. బయటికి మాత్రం "ఒక్కదానిమీద ఎంతసేపు నడపమంటావయ్యా, ఇప్పుడే చేసెయ్యి" అన్నాను. పెద్ద బాధ్యత తెలిసినవాడిలాగే అన్నాను.

ఆన్ చేశాడు. పెట్టెను బయటికి లాగినప్పుడు ఊడదీసిన హార్ట్‌బీట్ కేబుల్ తిరిగి పెట్టడం మరిచిపోయాడు. అది సరిచూడమని చెప్పడానికి నాకూ తెలియదు.

రాముడు కళ్ళు తెరిచాడు. తమ్ముడి చప్పుడు వినబడలేదు. తమ్ముడే పోయాడనుకుని, తన దగ్గరున్న 10.15 నాటి లెక్కలతో సింహాసనం ఎక్కాడు. అటు లక్ష్మణుడికీ అన్న చప్పుడు వినబడలేదు. అతను కూడా దిగలేదు. ఒకే బ్రాంచికి ఇద్దరు రాజులయ్యారు. అప్పటికే పని చేస్తున్న కౌంటర్లు లక్ష్మణుడితోనే ఉండిపోయాయి. పన్నెండింటికి క్లియరింగు కట్ట విప్పి కొత్తగా లాగిన్ అయినవాళ్ళు రాముడి దగ్గరికి వెళ్ళారు. కంప్యూటరువాళ్ళు దీన్ని స్ప్లిట్ బ్రెయిన్ అంటారు. ఒకే మనిషికి రెండు మెదళ్ళు, ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు.

ఆండర్సన్ వీధిలో మా ఖాతాదారు ఒకాయన ఉండేవారు. కాగితాల వ్యాపారి, తెలుగువారు, తండ్రి నాటినుంచీ మా దగ్గరే ఖాతా. ఆ ఉదయం 10.40కి ఆయన గుమాస్తా లక్షా యాభైవేలు జమకట్టి వెళ్ళాడు. ఒక మిల్లు ఏజెంటుకు ఆయన ఇచ్చిన లక్షా నలభైవేల చెక్కు ఆవేళే క్లియరింగులో వస్తుందని తెలిసే కట్టించారు. ఆ జమ లక్ష్మణుడి పుస్తకంలో ఉంది. చెక్కు రాముడి దగ్గరికి వెళ్ళింది. రాముడి పుస్తకం ప్రకారం ఆయన ఖాతాలో ఉన్నది 23,000.

చెక్కు తిరగ్గొట్టే ముందు పాత ఖాతాదారులకు ఒక ఫోను చేయడం మా ఆనవాయితీ. చేశాను. ఎంగేజ్ వచ్చింది. రెండోసారి తిప్పలేదు. "నిధులు చాలవు" అన్న మెమో మీద సంతకం నాదే.

ఆ రాత్రి

సాయంత్రం నాలుగున్నరకు రోజు లెక్క తీస్తే క్లియరింగు పద్దులో ఒక్క ఎంట్రీ లేదు. 212 చెక్కులు పోస్టు చేశామంటారు వాళ్ళు. ఒక్కటీ రాలేదంటుంది కాగితం. పావుగంట ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నాక ఇంజనీరు కుర్రవాడు గోడవైపు వేలాడుతున్న కేబుల్ కొసను చూశాడు. వాడి మొహం పాలిపోయింది. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు.

వాడు ఆ కేబుల్ పెట్టబోతుంటే మా మేనేజరు గారు గట్టిగా ఆపారు. "ఆగు. ఇప్పుడు రెండూ కలిస్తే ఒకటి రెండోదాన్ని తుడిచేస్తుంది. ఏది తుడిచేస్తుందో నీకు తెలుసా?" వాడికి తెలియదు. ఆయన కంప్యూటరు చదువుకున్నవారు కాదు. పాతకాలపు లెడ్జర్లలో పెరిగినవారు. చినిగిన పుటను అతికించేముందు రెండు ముక్కలూ చదవాలని మాత్రం ఆయనకు తెలుసు.

రెండు యంత్రాలనూ నెట్‌వర్కు నుంచి తీసేశాం. దేని నకలు దానికి టేపు మీద తీయించాం. తరవాత అసలు చిక్కు వచ్చింది. ఇందులో నిజం ఏది? రెండూ నిజమే. నగదు నిజం లక్ష్మణుడి దగ్గర, క్లియరింగు నిజం రాముడి దగ్గర ఉన్నాయి. దేన్ని పారేసినా ఎవరో ఒకరి డబ్బు మాయమవుతుంది.

మమ్మల్ని కాపాడినవి కాగితపు వోచర్లు. ఎక్కువ పద్దులున్న లక్ష్మణుణ్ణి ఆధారంగా నిలబెట్టి, 212 చెక్కులనూ ఒక్కొక్కటే చూసి మళ్ళీ పోస్టు చేశాం. ఆవేళ మేము తిప్పి పంపినవి మూడు. రెండింటికి నిజంగానే డబ్బు లేదు. మూడోది ఆండర్సన్ వీధిది. అప్పటికే అది రిటర్ను క్లియరింగులో వెళ్ళిపోయింది.

లెక్క కుదిరేసరికి రాత్రి 1.20 అయింది. టికెట్టు జేబులోనే మెత్తబడిపోయింది.

పేరు

ఒక్క చెక్కు తిరిగొస్తే అంత బాధేమిటని పిల్లలు అడగవచ్చు. జార్జి టౌన్‌లో వ్యాపారం మాట మీద నడుస్తుంది. ఇప్పుడు రాజాజీ సాలై అంటున్న ఆ సముద్రపు వీధి ప్రాంతంలోనే 1906లో ఆర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసి వేలమంది సొమ్ము ముంచింది. ఆ దెబ్బలోంచే 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టింది. పేరు పోతే ఏమవుతుందో ఆ వీధులకు మూడు తరాలుగా తెలుసు. పైగా 1989 నుంచి డబ్బు లేక చెక్కు తిరిగిరావడం శిక్షపడే నేరం కూడా. డబ్బుండీ చెక్కు తిరగ్గొడితే తప్పు బ్యాంకుది. నష్టం కట్టివ్వాలని చెక్కుల చట్టం 31వ సెక్షను చెబుతుంది.

మర్నాడు ఉదయం మేనేజరు గారు సంతకం చేసిన ఉత్తరం పట్టుకుని ఆండర్సన్ వీధికి వెళ్ళాను. పెళ్ళిపత్రికల దుకాణాలు దాటాక ఆయన కొట్టు. ఏజెంటు దగ్గర్నుంచి అప్పటికే ఫోను వచ్చింది. ఆయన కేకలేస్తే బాగుండేది. కుర్చీ చూపించి, కాఫీ తెప్పించి, తరవాత అన్నారు:

"ఆఫీసరు గారూ, డబ్బు నా దగ్గరుంది. ఇవాళ కావాలన్నా నోట్లు లెక్కపెట్టి ఇస్తాను. మా నాన్నగారి నాటినుంచి మీ దగ్గర నేను దాచుకున్నది డబ్బు కాదండీ, పేరు. నిన్న మీరు ఖర్చు పెట్టింది అది."

ఉత్తరం ఇవ్వబోయాను. తీసుకోలేదు. "నాకెందుకండీ? నా ఖాతాలో డబ్బుందని నాకు తెలుసుగా. తెలియాల్సినవాడు లింగిచెట్టి వీధిలో ఉన్నాడు. మీరే వెళ్ళి మీ నోటితో చెప్పండి."

వెళ్ళి చెప్పాను. ఏజెంటు ఉత్తరం రెండుసార్లు చదివి ఫైలులో పెట్టుకుని, చెక్కు మళ్ళీ వేస్తానన్నాడు. అది చెల్లింది. ఎవరూ కోర్టుకు వెళ్ళలేదు. కానీ ఆ కొట్టుకూ లింగిచెట్టి వీధికీ మధ్య నడిచిన పది నిమిషాలు నాకిప్పటికీ గుర్తు.

భరతుడు చేసిన పని

తరవాత ఆలోచిస్తే మా పేర్లలోనే పొరపాటుందనిపించింది. ఆ జతకు రాముడు, భరతుడు అని పెట్టాల్సింది. రామాయణంలో శ్రీరాముడు వనవాసం ముగించుకుని తిన్నగా అయోధ్యలోకి వచ్చి సింహాసనం మీద కూర్చోలేదు. ముందు హనుమంతుణ్ణి పంపి భరతుడి సంగతి కనుక్కోమన్నాడు. భరతుడు ఎదురువచ్చి, ఖజానా, కోఠారం, సేన అన్నిటి లెక్కా ఒప్పజెప్పాడు. ఆ తరవాతే పట్టాభిషేకం. పడిపోయిన నోడ్‌ను తిరిగి చేర్చుకునే పద్ధతి అంతా ఇందులోనే ఉంది. వరసగా చెబుతాను.

మొదటిది, పడిపోయినదాన్ని బాగుచేసినా వెంటనే లోపలికి రానివ్వకూడదు. ఆన్ కాగానే దానంతటది పని అందుకోకుండా కట్టేసి, విడిగా పరీక్షించాలి. ఎందుకు పడిపోయిందో తేలాలి. కారణం తెలియకుండా లేపితే మళ్ళీ పడుతుంది.

రెండోది, బతికున్నదాని నకలు ముందు తీసుకోవాలి. ఆ సమయంలో ఊరంతటి లెక్కా దాని ఒక్కదాని దగ్గరే ఉంటుంది.

మూడోది, కేబుళ్ళు, గడియారాలు సరిచూడాలి. హార్ట్‌బీట్‌కు ఒక దారి చాలదు, రెండు వేరువేరు దారులుండాలి.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. బతికున్నదాని నుంచి తిరిగొచ్చినదానికి లెక్కలు వెళ్ళాలి. దిక్కు తప్పితే పాత లెక్క కొత్త లెక్కను మింగేస్తుంది. పూర్తిగా నకలయ్యాక రెంటినీ పోల్చి చూడాలి.

ఐదోది, తిరిగొచ్చినది కొన్నాళ్ళు తమ్ముడిగానే ఉండాలి. పెద్దరికం వెంటనే ఇవ్వక్కర్లేదు. తరవాత పని తక్కువున్న వేళ చూసి, కావాలనే పని మార్చి పరీక్ష చేయాలి.

మా బ్రాంచిలో ఆ శనివారం రాత్రి ఇదే వరసలో చేశాం. రాముడి పాత లెక్కలు టేపు మీద భద్రం చేసి, పెట్టెలో మొత్తం తుడిచి, లక్ష్మణుడి దగ్గర్నుంచి కొత్తగా రాయించాం. ఈసారి కౌంటరు మూశాకే చేశాం. కేబుల్‌ను నేనే చేత్తో లాగి చూశాను.

మూడో ఓటు

ఇద్దరు రాజులు రాకుండా ముందే చూసుకునే ఉపాయం కూడా ఉంది. సెంట్రల్ స్టేషను పక్కన మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌లో మనమంతా విజయవాడ, గూడూరు టికెట్ల కోసం వరసలో నిలబడ్డవాళ్ళమే. పాత మూర్ మార్కెట్ 1985లో కాలిపోయాక ఆ చోట రైల్వేవారి కట్టడం లేచింది. రైల్వే రిజర్వేషన్లను ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు అనే ఐదు కేంద్రాల్లో నడిపారు. దేశమంతటికీ పనికివచ్చే కాన్సర్ట్ అనే ప్రోగ్రాము మొదట 1994లో మన సికింద్రాబాదులోనే పెట్టారు. 1999లో ఐదింటినీ కలిపారు. ఒక బెర్తును ఇద్దరికి అమ్మకూడదు, కౌంటరు ఆగకూడదు. ఆ రెండు పనులకూ వాళ్ళు వాడినవి వీఎంఎస్ అనే వ్యవస్థ మీద నడిచే క్లస్టర్లు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ అనే అమెరికా కంపెనీ 1983లో బయటపెట్టిన పద్ధతి అది.

అందులో పంచాయతీలాగా ఓట్లుంటాయి. రెండు యంత్రాలకు చెరో ఓటు, రెండూ చూడగలిగే ఒక డిస్కుకు మూడో ఓటు. మూడింట రెండు ఓట్లున్నవారే పని చేయాలి. హార్ట్‌బీట్ తెగిపోతే డిస్కు ఓటు ఎవరి వైపుంటే వారికి రెండు ఓట్లు. మిగిలినది ఒంటరిగా గమ్మున ఆగిపోవాలి. తప్పు లెక్క రాయడం కంటే ఆగిపోవడం మేలని దాని నీతి. ఆగని మొండివాళ్ళకు కరెంటే కోసేసే ఏర్పాటు కూడా ఉంది. దాన్ని ఫెన్సింగ్, అంటే కంచె వేయడం అంటారు. మా స్ట్రాంగురూము తాళాలు ఇద్దరి దగ్గర ఉండేదీ ఇలాంటి జాగ్రత్త కోసమే. అక్కడ ఒక్కడు తెరవలేడు. ఇక్కడ ఒక్కడు రాజు కాలేడు.

ఎంత పెద్ద సంస్థయినా ఈ పాఠం మళ్ళీ మళ్ళీ నేర్చుకోవాల్సిందే. 2021 ఫిబ్రవరి 24న ముంబయిలోని నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో ఉదయం 11.40కి వ్యాపారం నిలిచిపోయింది. బయటి టెలికం లింకుల్లో లోపం వస్తే, ఆ దెబ్బకు లోపలి స్టోరేజి వ్యవస్థ అనుకోని విధంగా నడుచుకుంది. మధ్యాహ్నం 3.45కి మళ్ళీ తెరిచి ఐదింటిదాకా నడిపారు. అంతా జతలు జతలుగా ఉన్నచోటే అది జరిగింది. మరుసటి నెలలోనే సెబీ గట్టి నియమాలు పెట్టింది. ముఖ్యమైన వ్యవస్థ ఆగితే అరగంటలోగా విపత్తుగా ప్రకటించాలని, ఆ తరవాత 45 నిమిషాల్లో వేరే ఊళ్ళోని కేంద్రం నుంచి పని నడపాలని వాటి సారాంశం.

మన ఇళ్ళలో

రెండోది ఉంది కదా అన్న ధైర్యం మంచిదే. మొదటిది పోయిందని తెలియనివ్వకపోవడమే ఆ ధైర్యంలోని ప్రమాదం. ఇంట్లో రెండో తాళంచెవి ఎక్కడుందో ఎప్పుడు చూశారు? ఐదర్ ఆర్ సర్వైవర్ ఖాతాలో ఆవిడ సంతకం పదిహేనేళ్ళ కిందటిది కాదు గదా? ఇన్సూరెన్సు కాగితాల సంగతి ఇంట్లో రెండో మనిషికి తెలుసా? నా ఉద్యోగంలో నేను చూసిన కన్నీళ్ళలో సగం రెండో మనిషికి ఏమీ తెలియకపోవడం వల్లనే. ఏడాదికొకసారి, ఉగాది నాడైనా సరే, ఒక గంట ఇద్దరూ కూర్చుని ఆ కాగితాలన్నీ బయటికి తీయండి. ఒకసారి ఆవిణ్ణే బ్యాంకుకు వెళ్ళి పని చేసుకురమ్మనండి. అదే అసలు పరీక్ష.

ఆండర్సన్ వీధి వ్యాపారి ఖాతా మా దగ్గరే ఉంచారు. తరవాత మూడేళ్ళు, మా బ్రాంచి కోర్ బ్యాంకింగులో కలిసేదాకా, వచ్చినప్పుడల్లా కౌంటరు దగ్గర నిలబడి నావైపు చూసి ఒకే మాట అడిగేవారు:

"ఏమండీ ఆఫీసరు గారూ, అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకుంటున్నారా?"

నేను లేచి వెళ్ళి, క్యాలెండర్లు లేని ఆ గదిలో పచ్చదీపాలు చూసి వచ్చి, "మాట్లాడుకుంటున్నారండీ" అనేవాణ్ణి. చూడకుండా ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు.